టైరత్త ఆపిన పెళ్ళి బస్సు

ఏంటి తల్లీ, అంతసేపు ఫోన్లో ఏం చూస్తున్నావ్? నీ కారుకి టైర్లా? ఎవరో వాడి తీసేసినవా... కొత్తవాటిలా మెరుస్తున్నాయంటావా. ఊఁ. మా టైరత్త ఉండుంటే ఆ ఫోను లాక్కునేది. ఆవిడ సంగతి నీకెప్పుడూ చెప్పలేదూ? మా నాన్నకి అక్క, నాకు మేనత్త. అసలు పేరు ఎప్పుడో మర్చిపోయాం, చివరికి పోస్టుమాన్ కూడా 'టైరత్తగారూ' అనే పిలిచేవాడు. ఆవిడకి బండి కాదు కదా, సైకిలు తొక్కడం కూడా రాదు. కానీ టాక్సీ ఎక్కాలన్నా ముందు చుట్టూ తిరిగి చూడాల్సిందే. సంచి పక్కన పెట్టి గొంతుక్కూర్చుని, టైరు గాడిలో అగ్గిపుల్ల దించి లోతు చూసేది. 'పరిగెత్తొచ్చిన బండికి వెంటనే గాలి కొలవకూడదురా, చల్లారనివ్వాలి' అనేది. అలాగని భయస్తురాలనుకునేవు. లారీ ప్రమాదంలో మామయ్య పోయాక కూడా ఊళ్ళు తిరగడం మానలేదు ఆవిడ. 'భయమైతే ఇంట్లో కూర్చో, వెళ్ళాలనుంటే వంగి చూడు' అనేది. మీ అమ్మ నిన్ను ఆ ఉద్యోగానికి కార్లో వెళ్ళొద్దంటోంది చూడు, అది జాగ్రత్త కాదు తల్లీ, ఉత్త భయం. నేనైతే వెళ్ళమనే అంటాను.

ఇంతకీ ఏం చెబుతున్నా... ఆఁ, నా పెళ్ళి. పెళ్ళి అమ్మాయివాళ్ళ ఊళ్ళో. నాకు కాబోయే మామగారు రైల్వే గార్డు, టైమంటే టైమే. అబ్బాయివాళ్ళు చూపులకి ఆలస్యంగా వచ్చారని అంతకుముందే ఒక సంబంధం తిప్పికొట్టిన ఘనుడు. నాకేమో ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ వద్దు. పొద్దున్నే బస్సొచ్చింది, అందరం ఎక్కాం. అత్త మాత్రం ఇంకా కిందే, ముందు టైరు దగ్గర. గాడులు లోతుగానే ఉన్నాయి, టైరు నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో పక్కన రుద్దింది, వేలికి నలుపంటింది. ఆ నలుపు కింద సన్నటి పగుళ్ళు, మడమలు పగిలినట్టు. 'ఇది ముసలిదిరా, రంగేసి నిలబెట్టారు' అంది. డ్రైవరు, 'గాడులు చూడండమ్మా, ఎంత బాగున్నాయో' అన్నాడు. 'గాడులు ఎంత తిరిగిందో చెబుతాయి నాయనా, వయసు చెప్పవు.' నీకు సుఖం తల్లీ, ఇప్పుడు టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ తయారైన సంవత్సరం. ఆవిడకి మాత్రం ఆ వేలే ఆధారం. మా నాన్న బతిమాలాడు, 'అక్కా, ఇవాళొక్కరోజు వదిలెయ్యవే, పరువు పోతుంది' అని. 'పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చులే తమ్ముడూ' అని బస్సు మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. డ్రైవరు ఒకటే కేకలు. అత్త అరవలేదు. 'నీకు పిల్లలున్నారా బాబూ?' అంది. ఇద్దరున్నారన్నాడు. 'వెళ్ళి తీసుకురా, పెళ్ళి చూస్తారు. ఈ టైరు మీదుండే సీట్లోనే కూర్చోబెడదాం.' అతను వెంటనే పక్కవీధి కొట్టుకెళ్ళి మంచి టైరు దొర్లించుకొచ్చి మార్చాడు.

హమ్మయ్య అనుకున్నామా... అత్త కత్తి తెమ్మంది. తీసిన టైరుని పక్కల్లో కోసెయ్యాలంట. నాకు ఒళ్ళు మండిపోయింది. అవతల మామగారు గడియారం చూసుకుంటూ ఉంటాడు, నా పెళ్ళి గంగపాలు. 'మార్చారు కదత్తా, ఇంకేంటి?' అన్నా. ఆవిడ నా వంక చూసి నెమ్మదిగా, 'మీ మామయ్య లారీకి వేసింది కూడా ఎవరో తీసి పారేసిందేరా. వాళ్ళు కోసి పారేసుంటే ఇవాళ నీ పెళ్ళికి ఇద్దరం వచ్చేవాళ్ళం' అంది. నేను బస్సు దిగాను. పెళ్ళిబట్టల్తోనే టైరు అదిమి పట్టుకున్నా, డ్రైవరు కోశాడు. ఊరికే తెగుతుందా అది, లోపలంతా తీగలు.

చేరేసరికి మామగారు గుమ్మంలో నిలబడున్నాడు. మా నాన్న నా వెనక దాక్కున్నాడు. అత్తే ముందుకెళ్ళింది, మసిచేతుల్తో. 'ఆలస్యం నాదండీ. మీ అల్లుణ్ణి మాత్రం చెక్కుచెదరకుండా తెచ్చాను, చూసుకోండి' అంది. ఆయన ఆ చేతులు చూశాడు, నా చొక్కా చూశాడు, ఏమైందన్నాడు. ఆవిడ చెప్పింది. ఆయన గబగబా బయటికెళ్ళిపోయాడు. అయిపోయింది నా పని, అనుకున్నా. వెళ్ళి ఏం చేశాడనుకున్నావ్? మర్నాడు కూతుర్ని మాతో పంపడానికి కారొకటి మాట్లాడి ఉంచాడు. దాని ముందు గొంతుక్కూర్చుని టైరు పక్కన వేలితో రుద్దుతున్నాడు. కాసేపటికి లేచి, ఆ నలుపంటిన వేలు చూసుకుంటూ వచ్చి, 'అక్కగారూ, మీరూ ఒకసారి చూస్తారా' అన్నాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి ఇదంతా చూస్తూ నవ్వుతోంది. అప్పుడు నేను... అదిగో, మీ నానమ్మ దగ్గింది. నిద్రపోలేదన్నమాట. ఇంక ఆపేస్తా తల్లీ.