నరసమ్మక్క బిందె కడిగిన నీళ్లు

నా ఈ పదవీ విరమణ సభకు అధ్యక్షులైన మా రీజనల్ మేనేజర్ వెంకటసుబ్బయ్యగారికి, పెద్దలకు, పొదిలి బ్రాంచిలో నా తోబుట్టువులకు, నన్ను చీవాట్లు పెట్టడానికే హనుమంతునిపాడు నుంచి బస్సెక్కి వచ్చే నరసమ్మక్కకు నా వందనాలు. (నవ్వులు)

ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో మన కంపెనీ మంచినీళ్ల మిషన్లు పెట్టిన కొత్తలో, కార్డు పెడితే ఇరవై లీటర్లు ఇచ్చి ఆగేవి. నెల తిరక్కుండానే ఈ అక్క బిందె చంకన పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. "ఏంది హెలెనమ్మా, మీ మిషన్ దొంగది! బిందె మెడకు గూడా రాలేదు. ఇట్లయితే ఎట్ల?"

కొలిచాం. ఇరవైకి చుక్క తగ్గలేదు. అక్కా తగ్గలేదు. చివరికి వెళ్లి ఆమె నీళ్లు పట్టే తీరు చూశాను. మన ఆడవాళ్లు బిందె కడక్కుండా పడతారా? మొదటి చెంబెడు గిర్రున తిప్పి పారబోస్తారు, మా ఇంట్లో నేనూ అంతే. మిషన్ ఆ చెంబెడునూ లెక్కలో వేసుకుంటోంది.

జర్మనీలో హెడ్డాఫీసుకు రాస్తే, "మిషన్ సరిగ్గానే ఉంది, జనానికి నేర్పండి" అన్నారు. నరసమ్మక్కకు నేర్పే మొనగాడు జర్మనీలో ఉన్నాడేమో గాని పొదిలిలో లేడు! (నవ్వులు) జనం మళ్లీ బోరు నీళ్లకు పోయారు. మిషన్ ఎత్తేయమని ఆర్డరొచ్చింది. అప్పుడు నిజంగా భయపడ్డాను, ఆ ఊరి పిల్లల గారపట్టిన పళ్లు చూసినదాన్ని. అధ్యక్షులవారే, "ఒక నెల నేను ఆపుతాను, చేసేదేదో చెయ్యి తల్లీ" అన్నారు. మా మెకానిక్ తిమోతి మిషన్ సర్దాడు. ముందు చెంబెడు నీళ్లు ఊరికే వస్తాయి, ఆగుతాయి, ఆ తర్వాతే లెక్క మొదలు. జనం తిరిగొచ్చారు. ఆ సంగతి హెడ్డాఫీసుకు రాస్తే ఈసారి చదివారు. ఇద్దరు ఇంజనీర్లు విమానమెక్కి వచ్చి, అక్క బిందె కడగడం వీడియో తీసుకుపోయారు.

పోయిన వారం కొత్త మిషన్ వచ్చింది. దాంతో పాటు ఒక ఆఫీసరు, "కడుక్కోవడానికి ముందు నీళ్లు ఊరికే ఇస్తుంది, ఇది హెడ్డాఫీసు కనిపెట్టిన కొత్త సౌకర్యం, జాగ్రత్తగా నేర్చుకోండి" అంటూ వచ్చాడు. నేర్చుకున్నాం కదా తిమోతీ! (నవ్వులు) మనసు చివుక్కుమన్న మాట నిజం. కానీ చివర్లో ఆయన కెన్యాలో ఏదో ఊరి వీడియో వేశాడు. తలకు గుడ్డ కట్టుకున్న ఒక తల్లి మన మిషన్ కింద పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా పట్టింది. ముందు చెంబెడు నీళ్లు వచ్చి ఆగాయి. ఎవరూ చెప్పకుండానే గిర్రున తిప్పి పారబోసింది.

హనుమంతునిపాడు ఎక్కడ, ఆ తల్లి ఎక్కడ! మన ఊరి పేరు ఆమె ఎన్నడూ వినదు, అయినా మన చెంబెడు నీళ్లు అక్కడిదాకా పోయాయి.

నిన్న అక్కకు ఆ వీడియో చూపించాను. తన పేరు వేశారా అని అడుగుతుందనుకున్నాను. చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ ఆయమ్మకు గూడా నీళ్లు తక్కువ పడింటాయి గదమ్మా, పాపం" అనింది.

ఉద్యోగం నుంచి నేను ఇంటికి పట్టుకుపోయేది ఆ మాటే. మీ అందరికీ కృతజ్ఞతలు. అక్కా, బస్సుకు వేళయింది, ఇద్దరం కలిసే పోదాం. సెలవు.