సగం గడ్డం

అమెరికాలోని ఆక్రన్‌ ఊళ్లో ముప్ఫై ఏళ్లు లారీ నడిపి రిటైరైన ముసలాయనను వంటింటి కిటికీ పక్కన కూర్చోబెట్టి, మెడకు తువ్వాలు చుట్టింది భార్య.

“చట్టం వచ్చిందిగా! మన పెన్షన్ నిధిలో సర్కారే డబ్బు పోస్తుందట. ఇక గడ్డం తీయించుకో.”

“ఆగవే! కంపెనీలన్నీ కలిసి నిధికి కట్టేవి. ఒక్కొక్కటీ దివాలా తీశాక మన పెన్షన్ సగానికి కోశారు. మొత్తం తిరిగొచ్చేదాకా గడ్డం తియ్యబోమని డ్రైవర్లమంతా యూనియన్ హాల్లో ఒట్టేసుకున్నాం.”

“వచ్చేసినట్టేగా?”

“చట్టం కాగితం మీదుంది. డబ్బు బ్యాంకులో పడాలి.”

“నాలుగేళ్లుగా నీ సూప్‌లో సగం ఆ గడ్డమే తాగుతోంది. నీ చుబుకం ఎలా ఉంటుందో మర్చిపోయాను.”

“అందంగానే ఉందిలే.”

“సరే, న్యాయంగా తేలుద్దాం. వాళ్లు కోసింది సగం. ఇవాళ సగం గడ్డం, డబ్బు పడ్డాక మిగతా సగం.”

కత్తెర కచకచలాడింది. ఎడమ బుగ్గకు చల్లగాలి తగిలాక గానీ ఆయనకు సంగతి తెలిసిరాలేదు.

“ఓసి నీ! రేపు హాల్లో సంబరాలే! ఈ మొహం చూస్తే మా తోటి డ్రైవర్ డ్వైట్ గాడు పడీపడీ నవ్వడూ?”

“నవ్వడు. పొద్దున్నే మీ వాళ్లందరి పెళ్లాలకీ ఫోన్ చేశాను. ఈపాటికి వాడూ కుర్చీలోనే ఉండుంటాడు.”