పన్నెండేళ్ల ఆటలో ఒక్క గోలు

సభాధ్యక్షులు నాగేంద్రప్రసాద్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, పనిచేసే ఇళ్ల యజమానురాళ్ల దగ్గర, అదే, మీ మామాల దగ్గర సెలవు అడుక్కుని ఈ హవల్లీ హాలు దాకా వచ్చిన నా జట్టు ఆడవాళ్లకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను ‘అమెరికా ఫుట్‌బాల్ తార’ అన్నారు. (నవ్వులు) అయ్యా, నేను పుట్టింది అమెరికాలోనే, మా అమ్మ వంటింట్లో రాయచోటి తెలుగు నేర్చిందీ అక్కడే, పన్నెండేళ్లు అదే వృత్తిగా ఫుట్‌బాల్ ఆడిందీ నిజమే. కానీ అందులో ఎనిమిదేళ్లు బెంచీ అరగదీశాను. కొట్టింది ఒక్క గోలు. అదీ ఫైనల్లో, మా గోల్‌లోకే! (నవ్వులు) బంతిని బయటికి తన్నబోయి లోపలికి తన్నాను. నన్ను మార్చేయమని కోచ్‌ను బతిమాలి, ఆట ముగియకముందే డ్రెస్సింగ్ రూములోకి పారిపోయాను. మర్నాడు పేపర్లో నా బొమ్మ ఎంత పెద్దదనుకున్నారు! ఆ ఏడాదే ఆట మానేసి, నన్నెవరూ ఎరగని చోటు వెతుక్కుని, ఈ గల్ఫ్ దేశానికొచ్చి ఇక్కడి బడిలో వ్యాయామం టీచరుగా చేరాను.

ఆరేళ్లు ఈ సంగతి దాచి, శుక్రవారాలు మీకు ఆట నేర్పుతూ పెద్ద చాంపియన్‌లా కేకలు వేశాను. పోయినేడు ఖైతాన్ జట్టుతో మ్యాచ్‌లో మనమ్మాయికి కాలు బెణికితే నన్నే దించారు. ఏం చేశాను? మళ్లీ సెల్ఫ్ గోలే! (నవ్వులు) ఇప్పుడు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు గ్రౌండు మధ్యలో కూలబడి ఏడుస్తూ మీకంతా చెప్పేశాను.

మన గోల్‌కీపర్ మునిలక్ష్మి, అదిగో, తల దించుకుంది, నా పక్కన వచ్చి కూర్చుంది. “ఇంతేనా మేడమ్? నేను కొత్తగా వచ్చినప్పుడు, మామా కొడుకు పెండ్లినాడు బిర్యానీ దబరా కింద పడేస్తిని. కొంచేపు ఏడిస్తిని, మళ్లా బియ్యం కడిగితిని. లెయ్యి మేడమ్, ఇంగా పది నిమిషాలు ఉండాది” అంది.

లేచాను. గెలిపించానా అంటే లేదు, ఒకటి సున్నాతో ఓడాం. కానీ ఆఖరి ఈల దాకా గ్రౌండులోనే ఉన్నాను.

అమెరికాలో ఆ ఫైనల్ ఓడిన ఊళ్లోనే ఆడపిల్లల జట్టుకు నేర్పమని నాకు పిలుపు వచ్చింది. రెండు నెలలు బదులివ్వలేదు. కిందటి వారం వస్తున్నానని రాశాను. అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. గుర్తుపడితే పట్టనీ.

మీ అందరికీ కృతజ్ఞతలతో, సెలవు.