ఉత్త సావుకబురు

గేటు తావకి పోకుండా ఇట్లా కంచె తావకి వచ్చినావే, అదొగటి మంచి పని చేసినావన్నా. గేటు తావకి పోయి, సొన్నమ్మ మా చెల్లెలు అనింటే ఈ పొద్దుతో నా కత ముగిసిపోయుండు. ముందు ఆ మోపెడు బండి ఆపు. ఏడ్సద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, మొగోడివి నడి దావలో నిలబడి ఏడస్తే నేనేం చేయల్ల?

వింటినన్నా. ఒగసారి చెప్తే చాలు, నాకేమీ చెవుడు లేదు. అమ్మ పోయింది.

ఎప్పుడు? ఆవుకి కసువేసొచ్చి, తిన్నె మింద కూర్చున్నది కూర్చున్నట్లేనా? పుణ్యాత్మురాలు. ఎవుర్నీ ఒగ చెంబు నీళ్ళు కూడా అడగకుండా పోయింది.

ఎక్కు పోదాం అంటావు. యాడికన్నా ఎక్కేది? ఇదేమన్నా మన రాగిచేనా, కొడవలి గట్టు మింద పారేసి వచ్చేదానికి? రోజాపూల తోట అని పేరే గాని, లోపల అంతా ఫ్యాక్టరీ మాదిరే. ఈ వారంలోనే ప్రేమికుల దినమంట. ఎవురో ఎవురికో పువ్విస్తారంట, ఆ పువ్వు ఈడనించి విమానంలో పోవల్లంట. అది అయ్యేదాకా ఎవురికీ సెలవు లేదు. ఈ వారమంతా ఫోన్లు కూడా పొద్దున్నే గుంజుకోని డబ్బాలో పెట్టేస్తా ఉండారు. అందుకే నువ్వు ఎంత కొట్టినా ఎత్తలేదు.

సావంటే ఎవురు కాదంటారు, పోయి అడుగు అంటావు. అడిగేదానికి నోరుండల్ల కదా. ఎందుకు లేదో చెప్తాను, ఉండు. ఈ క్రేటు కింద పెట్టనీ. చూసేవాళ్ళకి మెడ వంగిన పూలు గుంతలో పారపోసేదానికి వచ్చినట్లుంటాది. దినామూ వచ్చేదే.

ఈ తోట పెట్టినప్పుడు అంతా మనోళ్ళే కదా. బూదికోటోళ్ళు, సుట్టూ పల్లెలోళ్ళు. ఇప్పుడు లోపలికొచ్చి చూడు, సగానికి సగం నేపాలోళ్ళు. మొగుడూ పెండ్లామూ జతగా వస్తారు, ఒగ మూట, ఒగ కుక్కరు. షెడ్డులో పండుకుంటారు. కొండ దాటి, దేశం దాటి వచ్చినోళ్ళకి పర్మనెంటు, కంచె అవతల పుట్టినోళ్ళకి దినకూలి. ఇదేం న్యాయమని నేనే ఎన్ని తూర్లు తిట్టుకోలేదు? మన కడుపు కొట్టేదానికే వచ్చినారని, నా జతలో పని చేసే నేపాలామె దిల్మాయ మొకం మిందనే అన్నాను. దానికి తెలుగు రాదు, నగింది.

మ్యానేజరు ఏమన్నాడో తెలుసా? మీ లోకలోళ్ళకి సావులు జాస్తి, అన్నాడు. అత్త తమ్ముడు సచ్చె, చిన్నాయన తిథి, మూడోదినం పాలు, పదకొండోదినం కూడు, ఆమైన ఊరి జాత్ర, ఆమైన రాగి కోత. పువ్వు మీ జాత్ర అయ్యేదాకా విచ్చుకోకుండా ఉంటాదా, అన్నాడు. మాకు కోపమొచ్చె. కానీ అబద్ధమా అది? బలగం ఉన్నోళ్ళకి సావులుంటాయి. నేపాలోళ్ళకి ఈడ ఎవురు సస్తారు?

ఉండు, వింటా ఉండు. పోయిన వానకాలం ఆ దిల్మాయ నాయన సచ్చిపోయె, వాళ్ళ ఊర్లో. కబురు వచ్చినప్పుడు ఇద్దరమూ ఒగే బల్ల తావ నిలబడి పూలు కట్ట కడతా ఉండాము. ఫోను పెట్టేసె, మళ్ళా కత్తెర ఎత్తుకునె. దాని పని ముగించినాకనే ఆడనించి కదిలింది. వాళ్ళ ఊరు పోవల్లంటే రైలెక్కి, బస్సెక్కి, ఆమైన కొండెక్కి నడవల్లంట. ఇది పోయేలోపల బూడిద కూడా మిగలదు. అందుకని పోలేదు, అంతే.

మ్యానేజరు దానికి ఇంగో అర్థం చేసుకునె. తెల్లారి అందర్నీ నిలబెట్టి, చూడండి, ఈయమ్మ తండ్రి సచ్చినా పని ఇడిసిపెట్టలేదు, పనంటే ఇట్లుండల్ల, అనె. అందరి చేతా చప్పట్లు కొట్టించె. దాని మెడలో ఒగ రోజాపూల మాల వేయించె. అది తల ఎత్తలేదు.

ఆ వారమంతా అది ఉప్పు లేని కూడు తినె. నాకి తెలీక, ఏమే, మీ దేశంలో ఉప్పు కూడా లేదా అని ఎగతాళి చేస్తిని. ఆమైన దాని మొగుడు చెప్పె, సావు మైల, ఉప్పు తినకూడదు అని. నాకి సిగ్గయ్యె. కానీ సిగ్గయితే ఏం లాభం? ఆ పొద్దునించి ఈ తోటలో మమ్మల్నందర్నీ దానితోనే కొలస్తా ఉండారు. సావుకి పోలేని మనిషితో, సావుకి పోగలిగినోళ్ళని.

ఇంగ నా సంగతి. మీ బావ మారికుప్పం రైల్లో బెంగళూరికి కూలిపనికి పోయి స్లాబు మిందనించి పడినాడు కదా. అప్పటినించి నడుం లేదు. ఆస్పత్రిలో చెప్పిన మాట నువ్వు కూడా విన్నావు, ఆపరేషన్ చేస్తే లేస్తాడు, లేదంటే మంచమే. అంత దుడ్డు నేను యాడ తెచ్చేది? బోర్లో నీళ్ళే లేవు, చేను అమ్మితే ఎవురు కొంటారు? పర్మనెంటు అయితే ఈఎస్సై కార్డు వస్తాది. కార్డు చేతిలో ఉంటే ఆపరేషన్ ఊరికే చేస్తారు. నాకి కావల్సింది అదొగటే. జీతం పెరిగినా సరే, పెరక్కపోయినా సరే.

అందుకే మ్యానేజరు పిలిపించి, నీకి ఎవురెవురుండారు అని అడిగితే చెప్పినాను. మొగుడు, ఒగ కూతురు. అంతే సార్, అన్నాను. అమ్మా నాయనా? లేరు సార్. అన్నదమ్ములు? లేరు సార్. నిజమేనా? ఒట్టు సార్.

అట్లా చూడద్దన్నా. నిన్ను కూడా సంపినాను, అవును. నేనొగతే కాదు. మనూరోళ్ళు ఇంగా ముగ్గురుండారు లోపల. వాళ్ళెవురూ నన్ను పట్టియ్యరు. వాళ్ళూ ఎవుర్నో ఒగర్ని సంపుకున్నోళ్ళే.

అమ్మకి తెలుసు. నీకే తెలీదు. ఆ పొద్దు సాయంకాలమే పోయి చెప్పేస్తిని, కడుపులో పెట్టుకోలేక. అది నగినాదన్నా. పిచ్చిదానా, కాకి నెత్తిన తన్నితే గండం పోవల్లని మేము ఉత్త సావుకబురు పంపేవాళ్ళం కాదా, అనె. సచ్చిరని చెప్తే ఆయుస్సు పెరగతాదే గాని తగ్గతాదా, అనె.

నీకి గ్యాపకం ఉండాదా? చిన్నప్పుడు నిన్నే కదా కాకి నెత్తిన తన్నింది. అమ్మ రాయల్పాడుకి మనిషిని పంపె, పిల్లోడు పోయినాడు రాండి అని. మామా అత్తా ఊరి మొదులు కాడ్నించే రొమ్ములు బాదుకోని వచ్చిరి. నువ్వేమో గడప మింద కూర్చోని మామిడికాయ ఉప్పూ కారమూ అద్దుకోని తింటా ఉంటివి. మామ నీ వీపు మింద ఒగటి వేసె. ఆమైన అందరూ నగిరి, అమ్మ కోడిని కోసె.

ఆ కత చెప్పి, పోవే, నాకింగ నూరేండ్లు, అనె.

నూరేండ్లు. యాడ పెరిగె?

ఇప్పుడు తెలస్తా ఉండాది నాకి. కాకి తన్నితే కబురు పంపేది ఏడ్సేదానికి. వినినోళ్ళు ఏడ్సల్ల. ఏడ్సినాక నిజం చెప్పల్ల. అప్పుడే గండం పోయేది. నేను చెప్పినప్పుడు ఎవురు ఏడ్సిరి? మ్యానేజరు కంప్యూటర్లో ఏమో కొట్టుకునె, కాఫీ తాగె, సరే పో అనె. నేనూ ఏడవలేదు. ఉల్లాసంగా బయటికొచ్చినాను. ఒగరైనా ఏడవని సావుకబురు చెప్పినానన్నా నేను, మనమ్మ మింద.

ఇట్లా ఏడ్సి శాన్నాళ్ళయ్యె. నువ్వు పక్కకి తిరుగు. నువ్వు చూస్తే నాకి నిలవదు.

అమ్మ ఈ దావలోనే కసువు మోపెత్తుకోని పోయేది కదా. నేను ఈ గుంత తావ ఉంటే కూడా చూడనట్లే పోయేది. పక్కన ఎవురూ లేకపోతే దగ్గేది, అంతే. నేనూ దగ్గేదాన్ని. ఎవురైనా ఉంటే అదీ లేదు. మొన్న కూడా పోయె. నా పక్కన దిల్మాయ ఉండె. నేను దగ్గలేదు.

అమ్మలక్కలు నీళ్ళు పోయకుండా కాసుకోని ఉండారా? కూతురు వచ్చి పసుపు పూసి నీళ్ళు పోస్తే గాని ఎత్తేది లేదన్నారా? ఎవురన్నారు, ఆదిలక్ష్మమ్మత్తా? అంటాది. ధర్మం తెలిసిన మనిషి. ఆమె చెప్పింది తప్పు కాదు.

ఎంత దూరమన్నా మనిల్లు? ఈడ నిలబడితే కోట గుట్ట అగుపడతా ఉండాది. నీ బండెక్కితే చెంబు నీళ్ళు కాగేలోపల పోతాము. దిల్మాయ ఊరికి కొండ అడ్డం. నాకి ఈ తీగ అడ్డం, రొండు తీగల నడమ దూరి బయటికి రావచ్చు కూడా. దూరినాననుకో. పోయిన ఆదివారం కొత్తగా ఇంగొగ జంట దిగింది నేపాల్నించి, షెడ్డు ముందర మూట కూడా ఇప్పకుండా కూర్చోని ఉండారు. నా కాలు బయట పడితే ఆయమ్మ కాలు లోపల పడతాది. పర్మనెంటు ఇచ్చేది ఈసారి ఒగరికే. ప్రేమికుల దినం అయినాక ఓనరు వచ్చి ఇస్తాడు.

ఆయమ్మ మాత్రం ఏం పాపం చేసింది? దానికీ యాడో ఒగ మొగుడి నడుమో, నాయన అప్పో ఉంటాది. నాకి కోపం ఎవురి మింద పెట్టుకోవల్లో తెలీటంలేదన్నా. ఇప్పుడు ఈడ నేను నిలబడి మాట్లాడతా ఉంటే, నా సాలు ఎవురు కోస్తా ఉండారనుకున్నావు? దిల్మాయే. నీ మొకం దూరం నించి చూసే తెలుసుకునె. పో అని చెయ్యి ఊపె, కత్తెర నా చేతిలోనించి తీసుకునె.

పూలా? వద్దు, ఆ గుంతలోవి ముట్టద్దు. లోపల లక్ష పూలుండాయి, ఒగటి తెచ్చినా గేటు తావ సంచి ఎతకతారు. అట్లని పారేసిన పూలు మనమ్మ మింద వేస్తానా? బజార్లో చెండుపూలు కొను. పసుపురంగువి. దానికి అవే ఇష్టం. చీర ఒగటి కొను నా పేరుతో, కూతురి చీర లేకుండా పంపద్దు. అంచు ఎర్రగా ఉండేది.

నేను రానని ఎట్లా చెప్పేది అంటావా? నాకేం తెలుసన్నా. బిడ్డకి జ్వరమని చెప్పు. కాదు, బిడ్డ మింద వద్దు. ఇంగ నేను ఎవురి మిందా ఏమీ చెప్పను.

గమ్మునుండు. బైకు శబ్దం. మ్యానేజరు, ఇట్లే వస్తా ఉండాడు. ఆయనకి తెలుగు బాగా అర్థమవుతాది, జాగ్రత్త. కండ్లు తుడుసుకో. చెల్లెలా అనద్దు, పేరు పెట్టి పిలవద్దు. కదలద్దు, ఇప్పుడు పరిగెత్తితే తప్పవుతాది.

నమస్కారం సార్. చెత్తపూలు పారపోసేదానికి వచ్చినాను సార్. ఈయప్పా? దారి తప్పినాడు సార్, బూదికోటకి పోవల్లంట, సావింటికి. దారి అడగతా ఉండాడు, అంతే. కండ్లా సార్? పొద్దున మందు కొట్టిరి కదా, మండతా ఉండాయి. ఎవురు సచ్చిరో నాకేం తెలుసు సార్, ఎవురో ముసలామె అంట.

అట్లే నేరుగా పో అప్పా. చెరువుకట్ట దాటినాక ఎడంచెయ్యి పక్కకి తిరుగు. పాలడైరీ వస్తాది, దాని వెనక సందు. సందులో ముందర ఆవు కట్టేసి ఉండే ఇల్లు. జనం కూర్చోని ఉంటారు బయట, దూరం నించే తెలస్తాది. పేరు చెప్పి అడిగే పని లేదు.

కూతురు కోసరం కాసుకోని ఉండారంట సార్ ఆడ. నీళ్ళు పోయల్లంట. పాపం.

కాసుకోవద్దని చెప్పప్పా వాళ్ళకి. పొద్దు దిగకముందే నీళ్ళు పోసి ఎత్తమని చెప్పు. కూతురు శానా దూరంలో ఉండాదంట, రాలేదంట, అని చెప్పు.

పో అప్పా, పో. వస్తా ఉండాను సార్.