కొత్త కోడలికి బీపీ

హలో… ఆఁ, నేనేనండీ. ఈ వేళప్పుడు ఇంకెవరు చేస్తారు మీకు…

వినిపిస్తోందా? … నాకైతే బానే వినిపిస్తోంది, నీళ్లకి గాలి కొట్టే ఆ ఏరియేటర్లు తిరగడంతో సహా. చెరువు మొత్తం మన ముదినేపల్లి ఇంట్లోకి వచ్చేసినట్టుంది.

… తిన్నాను. … అదే, తింటాను. ఇంకా ఏడైనా అవలేదుగా. మీకు క్యారేజీ వచ్చిందా? … ఏం కూర? … దొండకాయా. పాపం.

… ఏం లేదండీ, ఊరికే. మేత వెయ్యడం అయిపోయిందా? … అయితే కాసేపు మాట్లాడండి.

ఇవాళ గుండె క్యాంపుకి వెళ్లాను. … అదే, మా మహిళా సంఘం వాళ్లూ, మీ చేపల రైతుల సంఘం వాళ్లూ కలిసి పెట్టింది. ఏలూరు నుంచి డాక్టర్లొచ్చారు. … మిమ్మల్నీ రమ్మన్నాను కదా. … సరే, సరే. చెరువు వదిలి ఎలా వస్తారు. తెలుసు.

భలే ఉందండీ. స్కూలు వరండాలో పెట్టారు. మొలకెత్తిన పెసలూ దానిమ్మ గింజలూ కలిపి దొన్నెల్లో ఇచ్చారు. నేను రెండు తిన్నాను. … రెండు గింజలు కాదు, రెండు దొన్నెలు. … నవ్వండి, నవ్వండి. మీరు నవ్వి ఎన్నాళ్లయిందో.

మగాళ్ల వైపు కుర్చీలన్నీ ఖాళీ. మీ సంఘం ప్రెసిడెంటుగారొక్కరే కాసేపు ఒక కుర్చీలో, కాసేపు ఇంకో కుర్చీలో కూర్చున్నారు, ఫొటోలో కాస్త నిండుగా కనిపించాలని. … నిజమేనండీ.

ఆడవాళ్లు వచ్చారు గానీ చెయ్యి చాపడానికి భయం. ఆ బీపీ పట్టీ బిగిస్తే నరాలు పట్టేస్తాయని సుబ్బాయమ్మగారు అందరికీ చెప్పేసింది. అప్పుడు ఒకమ్మాయి లేచి, నేను కూర్చుంటాను, చూడండి ఏమీ అవదు అని ముందు కూర్చుంది. … ఎవరో, కొత్తగా పెళ్లయిన పిల్ల. … ఆ, బానే ఉంటుంది చూడ్డానికి.

… బీపీ నూట అరవై బై వంద.

… అవును, పై అంకె నూట అరవై. నర్సు వీరదుర్గగారు కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశారు. మళ్లీ అంతే.

… చిన్నదే. నా వయసుంటుంది.

రాత్రిళ్లు ఏం తింటావమ్మా అని అడిగారు. ఎండు చేప, ఆవకాయ అంది. … రోజూనట. … ఒక్కదాని కోసం ఏం వండుకుంటుందండీ. నిద్ర పడుతోందా అని కూడా అడిగారు. ఆ పిల్ల ఊరికే తలూపేసింది. వరండా నిండా జనం కదా.

… మొగుడా. ఉన్నాడు. … … అలా తిట్టకండి. … లేదండీ, మంచివాడే. … పెళ్లాం ఎండు చేప తింటుంటే వాడేం చేస్తున్నాడనా? … చేపలు పెంచుతున్నాడు. శీలావతులు.

… కలిదిండి దగ్గర.

… …

అత్తగారు ఏలూరులో ఉన్నారు, ఆడపడుచు పురుడికని.

… హలో? ఉన్నారా?

… పేరా. … తేజస్వి.

… …

అవును. నేనే.

ఏవండీ… మాట్లాడండి. … ముందే చెప్పొచ్చుగా అంటే… ఎలా చెప్పాలో తెలీలేదు. వేరే ఎవరికో అయినట్టు చెప్తే కాస్త సులువుగా ఉంది.

… ఇప్పుడా? వద్దు. బండి తియ్యకండి. గట్టు దారంతా బురద. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే చేపలన్నీ తేలిపోతాయని మీరేగా చెప్పారు. … నాకిప్పుడేమీ అవట్లేదు. కాస్త తలనొప్పి, అంతే.

రేపు తొమ్మిదింటికి ఆసుపత్రికి రమ్మన్నారు. మళ్లీ చూస్తారట, రక్తం తీస్తారట. ఒక్క రోజు చూసి బీపీ అని తేల్చేయరట. … అచ్చాయమ్మగారు తోడొస్తానన్నారు. సంఘం ఆవిడే, సాయంత్రాలు కాలవ గట్టు మీద అందర్నీ నడిపిస్తున్నారు. నన్నూ రమ్మన్నారు. … మంచావిడే. … కానీ నాకు మీరు రావాలని ఉంది.

… నా కోసమే కాదు. మీరూ చెయ్యి చాపాలి. … మామయ్యగారు గుండె ఆగి ఎక్కడ పడిపోయారో చూపించింది మీరేగా, ఆ గట్టు మీదే నన్ను నిలబెట్టి. యాభై కూడా నిండలేదన్నారు. … ఊఁ. … ఏడిపించాలని కాదండీ.

… చెరువు ఎవరు చూస్తారంటే… ప్రెసిడెంటుగారు మైకులో చెప్పారు. పక్క పక్క చెరువుల వాళ్లు వంతులేసుకోవాలట. ఒకరు కాపలా ఉంటే ఒకరు వెళ్లి చూపించుకోవాలి. … మన పక్కదెవరిదో తెలుసు. అబ్బాయిరాజుగారిది.

… వదిలారు, మురుగు నీళ్లు మన చెరువులోకి వదిలారు, నిజమే. పోయినేడాది సంగతి అది. … … అడగనంటే ఎలాగండీ. … పోనీ నెంబరివ్వండి, నేనడుగుతాను. … ఆఁ, మరి.

… ఆయన ఉన్నారా, వాళ్ల కాపలా మకాం దగ్గర? … పిలవండి. … … అదేం పిలవడమండీ, నాకే వినపడలేదు. … … ఆఁ, అలా.

… వెళ్లండి. ఫోన్ కట్ చెయ్యకండి, జేబులో వేసుకోండి.

… …

నడుస్తున్నారు… కుక్క మొరుగుతోంది… ఆయన గొంతేనా అది… అన్నీ వినిపిస్తున్నాయి, మాటలు తప్ప.

… …

… ఆ, ఉన్నాను, ఉన్నాను. ఏమన్నారు? … … ఆయనంతట ఆయనేనా? రెండు రోజులు చూస్తానన్నారా? … మిమ్మల్ని తిట్టారా. ఏమని? … కొత్త పెళ్లాన్ని వదిలేసి ఈ కొంగల్ని చూస్తూ కూర్చున్నావేంటనా. … బాగా చేశారు.

మరి మీరేమన్నారు?

… …

ఒక్క పూట చాలన్నారా.

… లేదు, కోపం కాదండీ. … ఆయన దగ్గర అంతకు మించి సాయం పుచ్చుకోలేరు. తెలుసు. … అడిగారుగా. మీరు అడగడమే గొప్ప.

… తొమ్మిదికి వస్తారు, ఇద్దరం చూపించుకుంటాం, పదకొండుకి బయల్దేరాలి. … ఊఁ. … భోంచేసి వెళ్లాలి మరి. … పదకొండుకి మధ్యాహ్నం ఎందుకవదండీ? నేను చేస్తాను, అవుతుంది. తెల్లారకుండానే లేచి వండేస్తాను. ఆనపకాయ పప్పు, … ఉప్పు తక్కువే, … రెండు కంచాలు పెడతాను. ఆ పెద్దవి, పెళ్లికిచ్చినవి. ఇంకా కాగితం కూడా విప్పలేదు.

… ఇవాళా? … పెరుగన్నం తింటాను. … నిజంగా. … ఒట్టు.

… అయ్యో, మీకూ పోయిందా కరెంటు? మాకూ ఇప్పుడే పోయింది. … వెళ్లండి, వెళ్లండి, జనరేటర్ వెయ్యండి. … నాకేం భయం. కొవ్వొత్తి ఎక్కడో ఉండాలి… ఏవండీ, పొద్దున మాత్రం…

… హలో?

… పెట్టేశారు.