తువ్వాలతో లాగిన క్రాస్‌బో

ఇంటికి చుట్టాలొస్తున్నారంటే తహెరున్నీసా ముందు ఇల్లు సర్దదు, మొగుణ్ణి సర్దుతుంది. ఆ శుక్రవారం మరీ గట్టిగా సర్దింది. కొడుకు తల్హాను చూడటానికి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. పిల్ల పేరు నూరైన్, దోహాలోనే పెరిగి ఇక్కడే ఒక పళ్ల క్లినిక్‌లో పనిచేస్తోంది. తండ్రి ఫరీదుద్దీన్‌ది బోధన్. వెస్ట్ బేలో ఒక కంపెనీకి కొనుగోళ్లు చూస్తాడు, నెమ్మదస్తుడు. సంబంధం తెచ్చింది పక్క ఫ్లాట్ ఆనందరావు, ఆయనదీ అదే కంపెనీ.

కిందటిసారి వచ్చిన మంచి సంబంధం ఇక్రాముద్దీన్ నోటి మూలంగానే పోయింది. ఇసుకలో కూరుకుపోయిన ఒంటెను ఒకసారి భుజాన వేసుకుని మోసుకొచ్చానని ఆ పెద్దమనుషులతో చెప్పాడు. తండ్రే ఇట్లుంటే కొడుకు మాట ఏం నమ్ముతామని వాళ్లు మెట్లు దిగుతూ అనుకోవడం తహెరున్నీసా చెవిన పడింది. అందుకే ఈసారి పొద్దున్నే ఒట్టు వేయించుకుంది. చాయ్ తాగడానికి తప్ప నోరు తెరవనని ఇక్రాముద్దీన్ మాటిచ్చాడు. ఇచ్చేటప్పుడు నిజంగానే అనుకున్నాడు పాపం.

ఆయన చెడ్డవాడేం కాదు. జగిత్యాల నుంచి వచ్చి, ఎడారిలో క్యాంపులు వేసుకునేవాళ్లకు సామాన్లు అమ్మే దుకాణంలో కుదిరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. గుడారం కొన్నవాడికి, ఆ గుడారం తట్టుకున్న తుఫాను కథ ఉచితంగా ఇస్తాడు. కొన్నవాడు నవ్వుకుంటూ పోతాడు. దుకాణంలో చెల్లిన సరుకు ఇంట్లో చెల్లదని మాత్రం ఆయనకు ఎప్పుడూ గుర్తుండదు.

ఉమ్ ఘువైలినా పేటలోని ఆ ఇంటి చిన్న హాల్లో సమోసాలు అయిపోయాయి, చాయ్ రెండోసారి వచ్చింది, మాటలు మాత్రం రాలేదు. ఫరీదుద్దీన్ సహజంగానే మితభాషి. ఇక్రాముద్దీన్ ఒట్టులో ఉన్నాడు, వాళ్లు రాగానే తల్హా కొలువు గురించి అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. తల్హా తివాచీ పువ్వులు చూస్తున్నాడు, నూరైన్ తల్హా చూసే పువ్వులే చూస్తోంది. ఆ మౌనం భరించలేక ఆనందరావు ఆఫీసు సంగతులెత్తాడు. దాంతో ఫరీదుద్దీన్‌కు తన తలనొప్పి ఒకటి గుర్తొచ్చింది. వాళ్ల మేనేజర్ కెనడావాడు. సెలవుకు పోయినప్పుడు తమ్ముడితో కలిసి దుప్పుల వేటకు పోతాడట. అందుకోసం చవకలో మంచి క్రాస్‌బో, దాని నారి లాగే పరికరం ఏవి కొనాలో చూసిపెట్టమని, కొనుగోళ్లు తెలిసినవాడని ఫరీదుద్దీన్‌కే అప్పజెప్పాడు. తుపాకి కర్ర మీద అడ్డంగా బిగించిన విల్లులా ఉంటుందన్న సంగతి తప్ప ఆయనకు దాని గురించి ఇంకేమీ తెలియదు.

“మీరు అసుంటి దుకాణంలనే కదా ఇక్రాం భాయ్,” అన్నాడు, “జర చెప్పరాదు.”

ఇక్రాముద్దీన్ వంటింటి గుమ్మం వైపు చూశాడు. తహెరున్నీసా అక్కడే నిలబడి ఉంది. చుట్టం అడిగినదానికి జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు కదా అని కళ్లతోనే అడిగి, ఆమె ఏమంటుందో చూడకుండా ఇటు తిరిగాడు.

నిజం చెప్పాలంటే, మొదట ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం పొల్లు లేదు. క్రాస్‌బోలు ఇక్కడ మాఫీ, అంటే దొరకవు, తమ దుకాణంలో అమ్మరు, కానీ క్యాటలాగులు చూసీ వీడియోలు చూసీ అన్నీ తెలుసుకున్నానన్నాడు. బాణం ఎంత వేగంగా పోతుందో చూసి మోసపోవద్దు, మనిషి లాగగలిగినదే కొనాలి, లాగలేని విల్లు గోడకు అలంకారం అన్నాడు. నారి లాగడానికి రెండు రకాల సాధనాలుంటాయి. ఒకటి తాడు, రెండు కొక్కేలకు తగిలించి లాగితే బరువు సగానికి సగం తగ్గుతుంది, నారి కూడా సరిగ్గా నడిమధ్యకు వస్తుంది. రెండోది పిడి తిప్పేది, నడుము నొప్పి ఉన్నవాళ్లకు మంచిది గానీ బరువు, ఆలస్యం, ధర ఎక్కువ. చవకలో కావాలంటే తాడే. మిగిలినదేదో మంచి బాణాల మీద పెట్టమనాలి. బాణం లేకుండా మాత్రం ఎప్పుడూ వదలొద్దని చెప్పాలి, విల్లు విరిగి మొహం మీదకొస్తుంది.

ఫరీదుద్దీన్ శ్రద్ధగా విని తలూపాడు. ఆ తలూపడమే కొంప ముంచింది.

“మీరెప్పుడన్న కొట్టిన్రా దాంతోని?” అని మామూలుగా అడిగాడు.

లేదు అన్న మాట ఇక్రాముద్దీన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత చిన్న మాట అది, ఎంత బోసి మాట. ఎదురుగా మనిషి చెవులప్పగించి కూర్చుంటే ఆ మాట అనడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

“ఒక్కసారి,” అన్నాడు.

గుమ్మంలో గాజులు గలగలమన్నాయి. “అజీ, చాయ్ చల్లగైతున్నది,” అంది తహెరున్నీసా. ఆయన ఆ చాయ్‌ని ఒక్క గుక్కలో తాగేసి, గొంతు సవరించుకున్నాడు.

తమ దుకాణం ముదీర్, అంటే మేనేజరు, ఒకసారి కెనడా వేటకు పోతూ సామాన్లు మోయడానికి తనను వెంటబెట్టుకుపోయాడట. మోకాలి లోతు మంచు, చెట్టు మీద మంచెలాంటి మచాన్, ముదీర్‌కు వేళ్లు కొంకర్లు పోయి విల్లు ఈయన చేతిలో పెట్టాడట. సరిగ్గా అప్పుడు, ఇంతేసి కొమ్ములతో, దుప్పి వచ్చి ఎదురుగా నిలబడింది. నారి లాగుదామంటే తాడు లేదు, కారులో మరిచిపోయారు.

“ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మెడల తువ్వాల ఉన్నది, జగిత్యాల అంగడిల కొన్నది. అటు కొస నారికి ఇటు, ఇటు కొస నారికి అటు మెలేసిన, ముందలున్న ఇనుప కడియంల కాలు పెట్టిన, బిస్మిల్లా అని లాగిన. టక్‌మని కూసున్నది.”

“తువ్వాలతోనా?” అన్నాడు ఆనందరావు.

“తువ్వాలతోనే సార్. చలికి గడ్డకట్టి ఇనుప గొలుసు లెక్కయింది.”

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కష్టపడితే నమ్మదగ్గ కథే. తనకూ ఆ సంగతి తెలుసు. కానీ నూరైన్ చేతిలో కప్పు కింద పెట్టి, సోఫాలో కాస్త ముందుకు జరిగింది. అంత మంచి శ్రోత దొరికి ఎన్నాళ్లయిందో. ఇక్రాముద్దీన్ ఒళ్లంతా వెచ్చబడింది. ఇక మాట ఆయన చేతిలో లేదు, ఆయనే మాట చేతిలో ఉన్నాడు.

అసలు తాను కొంచెం ఎక్కువే లాగానన్నాడు. ఎంత లాగాడంటే విల్లు రెండు చివర్లూ వంగి వచ్చి ఒకదానికొకటి సలాం కొట్టుకున్నాయి. వదిలితే బాణం పోయిన దారి పొడుగునా మంచు కరిగి బాట పడింది, అక్కడివాళ్లు తర్వాత దానిమీద తారు పోసుకున్నారు, ఈరోజుకీ ఆ దారిన బస్సులు నడుస్తున్నాయి. ఏ నంబరు బస్సులు అని ఆనందరావు నెమ్మదిగా అడిగాడు. నంబరు మాత్రం మంచులో సరిగ్గా కనపడలేదని ఈయన అంతకన్నా నెమ్మదిగా చెప్పాడు.

మరి దుప్పి ఊరుకుంటుందా, బాణాన్ని చూసి పరుగు లంకించుకుంది. ముందు దుప్పి, వెనక బాణం, చెరువు చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ ఈ చెట్టు కిందకే వచ్చాయి. అదే ఆఖరి బాణం, ఖరీదైనది, పోతే ముదీర్‌కు ఏం మొహం చూపించాలి? దుప్పి కిందకు రాగానే మచాన్ మీంచి దూకితే, సరిగ్గా దాని వీపు మీద పడ్డాడట.

“కొమ్ములు పట్టుకొని యల్లా, పద అన్న. ఇగ అది ఉరుకుడు గాదు, గాలి. కానీ ఎనక బాణం వస్తాంది, ఇప్పుడు ముందుగాల నా ఈపున్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గంత జోరుగ ఉరికించిన, చెరువు మొత్తం చుట్టొచ్చి బాణం ఎనకకు మేమే వచ్చినం. పక్కపొంటి పోనిచ్చి, గాలిల పోతున్న బాణాన్ని గిట్ల పట్టుకున్న.”

పట్టుకున్న చేతిని అందరికీ చూపించాడు. చెయ్యి కాలలేదా అని ఆనందరావు అడిగాడు. కాలకేం, కాలింది, చెరువులో ముంచితే చెరువు ఉడికిందన్నాడు. చేపలన్నీ ఉడికి పైకి తేలాయి, మసాలా ఒక్కటే తక్కువ. ఇక ఆ సాయంత్రం ఆ దుప్పి మాంసంతో కబాబులు చేసి ఊరు ఊరంతటికీ పెట్టామని, అక్కడి మేయరు తన చేయి పట్టుకుని వదల్లేదని చెప్పి, సోఫాలో వెనక్కి వాలి మీసం సవరించుకున్నాడు. ఏళ్లుగా ఇంత బాగా కుదిరిన కథ చెప్పలేదని ఆయనకే అనిపించింది.

నూరైన్ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది.

“అంకుల్,” అంది నూరైన్. ఆ పిల్ల గొంతులో వెక్కిరింత లేదు, తెలుసుకుందామన్న కుతూహలమే ఉంది. “బాణం మీ చేతులనే ఉన్నది. దుప్పి మీ కిందనే ఉన్నది, ఉరుకుతున్నది. మరి కబాబ్ ఎవరిది?”

ఇక్రాముద్దీన్ నోరు తెరిచాడు. ఎప్పుడూ నోరు తెరిస్తే చాలు, జవాబు తనంతట తానే వచ్చి నాలుక మీద కూర్చునేది. ఈసారి రాలేదు. గుమ్మం వైపు చూస్తే తహెరున్నీసా మొహం పాలిపోయి ఉంది. తల్హా కళ్లెత్తలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఇక్రాముద్దీన్‌కు, తాను కెనడాలో లేడు, ఉమ్ ఘువైలినాలో కొడుకు పెళ్లిమాటల్లో ఉన్నాడని. ఒంటె సంబంధంవాళ్లు మెట్లు దిగిన చప్పుడు మళ్లీ వినిపించినట్టయింది. సంబంధం తెచ్చిన పాపానికి ఆనందరావు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నూరైన్ తండ్రి వైపు తిరిగింది. “అబ్బా, అంకుల్ గిన్ని కోతలు కోసిండు గదా. కొడుకు మీద ఒక్కటన్న కోసిండా?”

ఫరీదుద్దీన్ ఆలోచనలో పడ్డాడు. ఈ మధ్య కూతురితో కలిసి ఆయన గడప తొక్కిన ఇళ్లు తక్కువేం కాదు. ఒకచోట అబ్బాయి మేనేజరన్నారు, కనుక్కుంటే కాదు. ఇంకోచోట అద్దె ఫ్లాట్‌ను సొంతమన్నారు. వాళ్లెవరూ నవ్వించలేదు, అన్నీ మొహం గంభీరంగా పెట్టుకునే చెప్పారు. ఇక్కడ తాను వచ్చీ రాగానే తల్హా సంగతి అడిగితే, కార్గోలో చిన్న కొలువు, ఇంకా కాంట్రాక్టే, సొంత కారు లేదు అని ఈ కోతలరాయుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. కావాలంటే ఆ కొలువును ఎంతకైనా పెంచగలిగిన మనిషే.

ఫరీదుద్దీన్ కప్పు పక్కన పెట్టాడు. మేనేజర్‌కు తాడుతో లాగేదే చెప్తానన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఆయన బుగ్గల్లో కనపడింది.

“ఇంతకు ఒక్క మాట చెప్పున్రి, సమ్‌ధీ సాబ్,” అన్నాడు. “మీరు కెనడా పోయిన్రా?”

సమ్‌ధీ అంటే వియ్యంకుడు. ఆ పిలుపు చెవిన పడగానే తహెరున్నీసా గుమ్మంలోనే చతికిలబడింది. తల్హా తివాచీ పువ్వులు వదిలేసి తలెత్తి నూరైన్‌ను చూశాడు. ఆమె అప్పటికే అతన్ని చూస్తోంది.

ఇక్రాముద్దీన్ భార్య వైపు చూశాడు, వియ్యంకుడి వైపు చూశాడు, నడుము నిటారు చేసుకుని కూర్చున్నాడు.

“పోలేదు,” అన్నాడు. “పోయుంటే గిట్లనే జరిగేది.”