నైటీకి చేపిన గేదె

మొహం అటు తిప్పుకోకే. నీతోనే మాట్లాడుతున్నాను. ఆరేళ్ళు తవుడు కలిపి పెట్టింది ఎవరు? ఇవాళ సాయంత్రం నువ్వు పాలు చేపింది ఎవరికి? చెప్పు. చెప్పవు. గేదె జన్మెత్తేవు, నెమరేసుకుంటూ కూర్చుంటే సరిపోద్ది నీకు.

తోక విసరకు. వింటున్నావని తెలుసు.

అసలు నాదే బుద్ధితక్కువ. రేపు ఆదివారం ఇంటిల్లిపాదీ ఓడలరేవు సముద్రానికి బయల్దేరుతుంటే, నోరు మూసుకుని ఈ పాకలో పడుంటే సరిపోయేది. మా ఆడపడుచు దుర్గాశ్రీ హైదరాబాద్ నుంచి దిగింది కదా, మొగుణ్ణీ పిల్లల్నీ వెంటేసుకుని. "రేపంతా రిలాక్సే వదినా, ఎవ్వరూ ఏ పనీ పెట్టుకోకూడదు" అంది. అబ్బో అనుకున్నాను. ఆ వెంటనే "పులిహోర మాత్రం నువ్వే కలపాలి, నీ చేతి పులిహోర తిని ఎన్నాళ్ళయిందో" అంది. సరే, కలుపుతాను. కలిపేక? "పాపం, నీకు రావడం కుదరదుగా, గేదె ఉందిగా" అని జాలి కూడా తనే పడిపోయింది. కారులో ఎవరు కిటికీ పక్కన, ఎవరు వెనకాల, అన్నీ అయిపోయేయి. నేను ఎక్కడా లేను.

ఎవర్నని ఏం లాభం? ఆ మాట వాళ్ళకి నేర్పింది నేనే కదా. "నా చెయ్యి తగిల్తే తప్ప చేపదండీ, ఒక్కపూట తప్పినా పొదుగు రాయైపోద్దండీ." ఆరేళ్ళుగా అదే పాట. దుర్గాశ్రీ గృహప్రవేశంలో రెండొందల మంది వంట దగ్గర నిలబడాల్సిన దాన్ని, నీ పేరు చెప్పి తప్పించుకున్నాను. పెదమామగారి మనవడి పుట్టెంటికలకి అప్పనపల్లిలో రోజంతా విస్తళ్ళు వేసి, తియ్యాల్సిన దాన్ని. "ఆయ్, రావాలనే ఉందండి, గేదె ఊరుకోదండి" అన్నాను. నువ్వు వట్టిపోయిన నెలల్లో కూడా వదల్లేదు, "చూడి గేదె, ఎలా వదిలి రానండి" అనేదాన్ని. ఒక్కళ్ళు నోరెత్తితే ఒట్టు.

కానీ సముద్రం వేరు కదే.

నేను సముద్రం చూసింది ఒక్కసారే. రామచంద్రపురం కాలేజీలో చదివేటప్పుడు కాకినాడ తీసుకెళ్ళేరు. కాళ్ళు తడిసేయో లేదో, బస్సెక్కండి బస్సెక్కండి అని ఒకటే అరుపులు. అంతే. ఈ పలివెల కోడలినై పంతొమ్మిదేళ్ళయింది. సముద్రం గంటన్నర దూరం. అక్కడి చేపలు బుట్టలో కూర్చుని మన గుమ్మం దాకా వస్తాయి. నేను మాత్రం వెళ్ళలేదు.

నాకేం పెద్ద కోరికల్లేవు. తడి ఇసకలో చతికిలబడి కూర్చోవాలి. వెనకనించి ఎవరూ "సూర్యావతీ, ఆ డబ్బా ఎక్కడ పెట్టేవు" అని పిలవకూడదు. నీకు తెలుసుగా, నీ తవుడు డబ్బా అడుగున నల్ల కళ్ళద్దాలున్నాయి. అమలాపురంలో కొని రెండు నెలలయింది. ఆ డబ్బాలో చెయ్యి పెట్టేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కదా.

అందుకే పొద్దున్న తెగించేను. కారెక్కితే వాంతులని అత్తయ్యగారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు. "అత్తయ్యగారూ, మన వీధిలో వీరాయమ్మ తిరుపతి వెళ్తే వాళ్ళాయన ఆవిడ చీర కట్టుకుని గేదెని పితికేరంటండీ. మీరు నా నైటీ వేసుకుని చూస్తారా?" అన్నాను.

ఎవరినడిగేను? సత్యనారాయణమ్మగారిని. నేను కాపరానికొచ్చిన కొత్తలో నైటీ మీద తువ్వాలేసుకుని వీధి గుమ్మంలోకొస్తే, "సంసారులు వేసే బట్టేనా అది" అన్న మనిషిని. అలాంటిది సాయంత్రం ఆ పసుపు పూల నైటీలోనే వచ్చేరు, పైన తువ్వాలు కూడా అచ్చం నాలాగే వేసుకుని. దుర్గాశ్రీ ఫోన్లో వీడియో తీసుకుంటూ ఒకటే నవ్వు.

నేను తడిక వెనకాల నిలబడ్డాను. నీకో నిజం చెప్పనా? సముద్రం కావాలి నాకు. అయినా ఆ నిమిషంలో, ఇది తన్నితే బాగుండు అనిపించింది. ఈ ఇంట్లో నేనెవరో గుర్తుపట్టేది ఇదొక్కటే అని ఒక పిచ్చి నమ్మకం ఉండిపోయింది లోపల.

నువ్వేం చేసేవు? నైటీ అంచు వాసన చూసేవు, చేపేసేవు. తపేలా నిండా. నాకిచ్చేదానికంటే అరలీటరు ఎక్కువ. అంటే ఇన్నాళ్ళూ నువ్వు ఎరిగింది ఆ గుడ్డముక్కనా?

అందరూ చప్పట్లు. "హమ్మయ్య, నువ్వూ వచ్చెయ్ వదినా" అంది దుర్గాశ్రీ. నా ప్రాణం లేచొచ్చింది. "అయితే గ్యాస్ పొయ్యి కూడా కారులో పెట్టించు అన్నయ్యా, వదిన అక్కడే వేడివేడిగా బజ్జీలు వేస్తుంది" అంది. అక్కడితో ఆగిందా? "వచ్చే నెల మా మరిది పెళ్ళికి వారం ముందే రావాలి వదినా. ఇంక గేదె గొడవ లేదుగా." ఒక్కరోజు సముద్రం కోసం ఆరేళ్ళ సాకుని నా చేత్తో నేనే తగలెట్టుకున్నాను.

వాళ్ళు లోపలికెళ్ళేక అత్తయ్యగారు తువ్వాలు తీసి నా చేతికిచ్చేరు. మెల్లిగా అన్నారు. "దీని తొలిచూలప్పుడు నేను పితకడానికి కూర్చుంటే, నువ్వు దాని చెవి గిల్లడం చూసేనే."

అవును, గిల్లేను. నువ్వు ఎగిరి తన్నేవు, పాలన్నీ ఆవిడ ఒళ్ళో పడ్డాయి. ఆ రోజునుంచే కదా మన సాకు మొదలైంది.

"మరి అప్పుడే అడగలేదేమండీ?" అన్నాను.

"అడిగితే నేను పితకాలి కదే. మోకాళ్ళు పట్టేసేవి. నీ గిల్లుడు దేవుడు పంపినట్టు కలిసొచ్చింది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేరు.

చూసేవా? ఆవిణ్ణి బోల్తా కొట్టించేనని సంబరపడుతూ, ఆరేళ్ళు చలనకా వాననకా రెండు పూటలా పితికింది నేను.

సర్లే. చెవి ఇటియ్యి. గిల్లనులే. రేపు సాయంత్రం ఆవిడ మళ్ళీ ఆ నైటీలో వచ్చి కూర్చుంటారు. తపేలా సగం నిండేక ఒక్క తన్ను తన్ను. తపేలాని, ఆవిణ్ణి కాదు. పెద్దావిడ, జాగ్రత్త. అప్పటికి నేను బజ్జీలు వేసేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. ఫోనొస్తుంది. "అయ్యో, నా చెయ్యి తగలందే చేపదని చెప్పేను కదండీ" అంటాను, అందరికీ వినపడేలాగ.

నువ్వు తన్నకపోయినా తన్నిందనే చెప్తారులే. ఎల్లుండి నుంచి మళ్ళీ పితకడానికి, ఆవిడకి మాత్రం సరదానా?